ఏడు నొప్పులకు ఒకటే మాట

షమ్మాసు రిజ్కల్లా కలం చెక్కుతుంటే ఆ ఇంట్లో పిల్లి కూడా చప్పుడు చెయ్యదు. రెల్లుపుల్లను ఎడమ బొటనవేలి మీద ఆనించి, చాకుతో ఏటవాలుగా ఒక్క కోత కోసి, మొనలో వెంట్రుకవాసి చీలిక పెట్టి, వెలుగుకెత్తి చూసుకుంటాడు. నచ్చకపోతే పారేస్తాడు. ఆ పొద్దున అప్పటికే మూడు పారేశాడు. ఆదివారం చర్చిలో పాదరీ పక్కన నిలబడి సువార్త చదవడం అతని షమ్మాసు కొలువు. మిగతా ఆరు రోజులూ పుస్తకాలకు నకళ్ళు రాయడం బతుకుదెరువు. ఈ రెండింటిలో దేని గురించి మాట వచ్చినా అతని గడ్డం కాస్త పైకి లేచేది. మంచివాడు కాడని నేననను. తన చేతిరాతంటే తనకే మోజు, అంతే.

ముందున్న పని ఫ్రాంకు హకీముది. మా హలబ్ ఊరిని ఫ్రాంకులు, అంటే ఐరోపా తెల్లవాళ్ళు, అలెప్పో అంటారు, అననీండి. వాళ్ళ వర్తకులు దిగే సత్రంలో పదకొండేళ్ళుగా ఉంటున్న కొర్బెల్లి అనే వెనీసు వైద్యుడు ఎల్లుండి బిడారుతో సముద్రం దారి పట్టబోతున్నాడు. తన చోటికి వచ్చే కొత్త హకీముకి ఒక మాటల పట్టీ వదిలి వెళ్ళాలని, ఇన్నాళ్ళూ విన్నది విన్నట్టు ఫ్రాంకు అక్షరాల్లో గిలికిన నలభై కాగితాలు రిజ్కల్లా చేతిలో పెట్టాడు. శుద్ధప్రతిలో మూడు గళ్ళుండాలి. మొదటి గడిలో ఇటాలియన్ భాషలో అర్థం, రెండో గడిలో మన అరబ్బీ లిపిలో మాట, మూడో గడిలో దాన్ని పలికే తీరు ఫ్రాంకు అక్షరాల్లో. లాటిన్ పాదరీల బడిలో చదువుకున్నాడు కాబట్టి ఈ రెండు రాతలూ తెలిసినవాడు మా జుదైదా పేటలో రిజ్కల్లా ఒక్కడే.

పట్టీ అంతా ఒంటి మాటలే, అందులోనూ ఆడవాళ్ళవి. మా ఆడవాళ్ళు తమ ఒంట్లో బాధ పరాయి మగాడి ముందు చెప్పరు. మధ్యలో పేటలోని దుబాసీ కూర్చుంటే అసలే చెప్పరు, రేపు చర్చిలో వాడి మొహం చూడాలి కదా. ఫ్రాంకు హకీం మాత్రం వాళ్ళ లెక్కలో మగాడు కాడు, తెర అవతల వేసిన కుర్చీతో సమానం. అందుకని దుబాసీ లేకుండా అర్థం చేసుకోవడానికి కొర్బెల్లి, మంత్రసాని ఉమ్ జబ్బూర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండేళ్ళపాటు ఒక్కో మాటా అడిగి రాసుకున్నాడు. ఆమె పండు నమిలినట్టు నిదానంగా చెప్పేది, ఆయన రాసేవాడు. అర్థం కాకపోతే ఆమె తన ఒంటి మీదే చూపించేది.

ఆ కాగితాలు చదువుతుంటే రిజ్కల్లాకి చెవులు ఎర్రబడ్డాయి. 'కడుపులో దేవుతోంది', 'నడుం పట్టేసింది', 'కళ్ళు బైర్లు కమ్మాయి'. ఇలాంటి మాటలు పెరట్లో వినబడితే అతనికేం పట్టదు. కాగితం మీద చూసేసరికి పెళ్ళి పందిట్లో ఎవరో పాచి మొహంతో వచ్చి కూర్చున్నట్టనిపించింది. పిండిగంజి పూసి, రాయితో రుద్ది నున్న చేసిన కాగితం అది. దారాల పలక కింద పెట్టి గీతలు తేల్చినదీ తనే. దాని మీద ఇవా?

కలం సిరాలో ముంచి 'కడుపులో దేవుతోంది' ఉన్నచోట 'వమనోద్వేగము' అని రాశాడు. నడుం దగ్గర 'కటిస్తంభనము'. బైర్లు కమ్మిన కళ్ళకు 'దృష్టిమాంద్యము'. ఫ్రాంకు అక్షరాల గడిలోనూ దానికి తగ్గట్టే మార్చాడు. దగా చేద్దామన్న ఆలోచన అతనికి లేదు. మాకు చిన్నప్పట్నించీ చేతికి పట్టిన అలవాటది, నోటికొక భాష, కలానికొక భాష. పాలవాడికి చీటీ రాయాల్సివచ్చినా మా వాళ్ళు 'క్షీరము' అనే రాస్తారు.

ఇరవైమూడో కాగితంలో నొప్పులు వచ్చాయి. ఏడు వరుసలు. లాగుతోంది, సలుపుతోంది, పొడుస్తోంది, మెలిపెడుతోంది, మండుతోంది, తొలుస్తోంది, జివ్వుమంటోంది. ఒక్కోదాని పక్కన హకీం ఇటాలియన్లో బారెడు బారెడు రాసుకున్నాడు. ఆ గడిని రిజ్కల్లా ఉన్నదున్నట్టు దించేశాడు, అది తన భాష కాదు గనక తనకు పట్టింపు లేదు, సగం అర్థం కూడా కాలేదు. మాట గడికి వచ్చేసరికి మాత్రం కలం ఆగింది. అన్నీ ఒకటే కదా అనుకున్నాడు. 'వేదన' అని రాశాడు. కింద వరుసలో మళ్ళీ 'వేదన'. అలా ఏడుసార్లు. ఏడు వేదనలూ ఒకదాని కింద ఒకటి ముత్యాల్లా కుదిరితే కాసేపు ఆ పేజీ కేసి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే ఉమ్ జబ్బూర్ వీధి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. రిజ్కల్లా భార్య హెలానీ ప్రసవించి ఇరవై రోజులైంది, మగపిల్లాడు. మంత్రసాని రోజూ వచ్చి తల్లికీ బిడ్డకీ నూనె రాసి వెళ్తుంది.

"ఏరా షమ్మాసూ, నా మాటలేనా రాస్తున్నావు?" అంటూ అతని పక్కన చతికిలబడింది.

"నీవే పెద్దమ్మా."

"ఏదీ, ఒకటి చదువు. కాగితం మీద నా నోరు ఎలా ఉంటుందో విని పోతాను."

అతను గొంతు సవరించుకుని, సువార్త చదివే గొంతుతో చదివాడు. "కటిస్తంభనము."

"అంటే ఏంటది?"

"నడుం పట్టెయ్యడం."

"మరి ఆ ముక్కే రాయొచ్చుగా."

"అలా రాయకూడదు పెద్దమ్మా. నోటితో అనేది వేరు, కలంతో రాసేది వేరు."

"ఆ హకీం నేనన్నది అన్నట్టు రాసుకున్నాడే?"

"ఆయనకి తెలీక రాశాడు. రేపు ఇది ఫ్రాంకుల దేశంలో పండితులు చూస్తే? హలబ్ వాళ్ళు గాడిదలు తోలేవాళ్ళలా మాట్లాడతారని నవ్వుకోరూ?"

"గాడిదలు తోలేవాళ్ళ పెళ్ళాలకీ నేనే పురుడు పోశాను. వాళ్ళకీ నడుం ఉంటుంది నాయనా." ఆమె మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "నిన్ను బయటికి లాగిందీ ఈ చేతులే. అప్పుడు నువ్వేడ్చిన ఏడుపులో ఇంత వ్యాకరణం వినబళ్ళేదు."

రిజ్కల్లా నవ్వేశాడు. ఆమె నొచ్చుకుందేమోనని ఒక్క క్షణం అనిపించింది గానీ, ఆమె అప్పటికే బాలింత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల్నించి హెలానీ నవ్వు వినిపించింది. తన గురించే చెప్పి ఉంటుంది.

బాలింత గది నలభై రోజులపాటు ఆడవాళ్ళది. మొగుడైనా సరే, గుమ్మం దాకానే. పొద్దునా సాయంత్రం రిజ్కల్లా తలుపు ఇవతల నిలబడి "హెలానీ, ఏమన్నా కావాలా?" అని అడుగుతాడు. లోపల్నించి "ఏం వద్దు బావా" అని వస్తుంది. ఇరవై రోజులుగా వాళ్ళ కాపురం ఆ రెండు ముక్కలే. ఆ గొంతు వినకపోతే మాత్రం అతనికి కలం సాగేది కాదు.

బిడారు బయల్దేరే రోజున సత్రం వాకిలి నిండా కంచరగాడిదలు, మూటలు, బూతులు. కొర్బెల్లి ఒక కాలు రికాబులో పెట్టి శుద్ధప్రతి అందుకున్నాడు. మొదటి పేజీ తిప్పాడు, కుశలప్రశ్నలూ అంకెలూ ఉన్న పేజీ. కళ్ళు మెరిశాయి.

"ఎంత అందంగా రాశారు షమ్మాస్ గారూ. నా పిచ్చిగీతల్లో ఇంత అందం ఉందనుకోలేదు."

"తమ దయ" అన్నాడు రిజ్కల్లా.

"నొప్పుల పేజీ బాగా వచ్చిందా? కొత్తాయనకి అదే ముఖ్యం. నా కత్తులూ మందులూ అన్నీ ఒక ఎత్తు, ఆ ఏడు వరుసలూ ఒక ఎత్తు. మీ ఆడవాళ్ళు చూడనివ్వరు, ముట్టనివ్వరు. వాళ్ళ మాటే నాకు కన్ను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, తెలుసా?"

రిజ్కల్లాకి తను రాసిన ఏడు వేదనలు గుర్తొచ్చాయి. చెప్పేద్దామనుకున్నాడు. కానీ పక్కన ముగ్గురు వర్తకులు ఆ పేజీ మీదికి వంగి "ఆహా, చేతిరాతంటే ఇదీ" అంటున్నారు. ఆ పొగడ్త చెవిన పడుతుండగా తప్పు ఒప్పుకోవడం ఎవరి తరం? "బాగానే వచ్చిందండీ" అన్నాడు. కొర్బెల్లి పుస్తకాన్ని సత్రం గుమాస్తాకి అప్పగించి, తన గిలుకుడు కాగితాలు నలభై చుట్టచుట్టి సంచిలో కుక్కుకున్నాడు. చేతులూపుతూ వెళ్ళిపోయాడు.

ఆ చుట్ట సంగతి ఒక మాట చెప్పాలి. అది ఓడెక్కి, చేతులు మారి, ఎక్కడో చలిదేశపు గ్రంథాలయంలో అట్టపెట్టెలో పడింది. మా ముత్తవ్వల ముత్తవ్వలు ఎలా మాట్లాడేవారో తెలుసుకోవాలంటే ఇవాళ మా ఊరి పిల్లలు అక్కడికి పోయి, ఆ ఫ్రాంకు గిలుకుడు చూసుకోవాలి. మేం రాసుకున్న పుస్తకాలకేం తక్కువ, బంగారు పూత పూసినవి వందలున్నాయి. వాటిలో ఒక్క ఆడమనిషి కూడా అమ్మా అని మూలగదు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ ఎవర్ననాలి, నేనూ ఆ బాపతువాణ్ణే.

కొత్త హకీం వెర్గాని నాలుగో రోజు దిగాడు. పాతికేళ్ళ కుర్రవాడు, ఎండకి ముక్కు తోలు ఊడేలా కందిపోయి ఉంది. వచ్చింది మొదలు పట్టీ ముందేసుకుని బట్టీ పట్టాడు. మూడోనాటికి ధైర్యం చేసి బజారుకి వెళ్ళి, నీళ్ళు అమ్మేవాణ్ణి ఆపి "శీతలజలము" అడిగాడట. వాడు రెండు చేతులా సలాం పెట్టి, ఎవరో పెద్ద పండితుడనుకుని కాజీ గారింటికి దారి చూపించాడట. పేటంతా చెప్పుకుని నవ్వింది. రిజ్కల్లా కూడా ముందు నవ్వాడు, ఆ తర్వాత రొట్టె మింగుడు పడలేదు. కుర్రాడికి పలకడం చేతకాలేదులే, అదే కుదురుకుంటుందిలే అని తనకు తనే చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను గుమ్మం దగ్గర నిలబడి "హెలానీ, ఏమన్నా కావాలా?" అన్నాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఉమ్ జబ్బూర్ తలుపు ఓరగా తీసింది.

"జ్వరం. ఒళ్ళు పెనంలా ఉంది. ఎడమవైపు పాలు గడ్డకట్టాయి, పిల్లాణ్ణి పెట్టనివ్వడం లేదు. రాత్రి లాగుతోందంది, వేడి గుడ్డ వేశాను. ఫ్రాంకుని పిలుచుకురా."

"నువ్వు చూడలేవా పెద్దమ్మా?"

"చూడగలను, కత్తి పెట్టలేను. పోయిన ఏడాది దర్జీ వాళ్ళ కోడలికి ఆలస్యమైంది, ఏమైందో నీకూ తెలుసు. పాడె వెనక చదివింది నువ్వేగా."

రిజ్కల్లా చెప్పులు కూడా వేసుకోకుండా సత్రానికి పరిగెత్తాడు.

వెర్గాని వచ్చి తెర ఇవతల పీట మీద కూర్చుని, పట్టీ మోకాళ్ళ మీద పరిచాడు. మంత్రసాని తెర లోపల. రిజ్కల్లా వాకిట్లో, కిటికీ పక్క గోడకి వీపు ఆనించి. లోపల ఏం జరుగుతున్నదీ కనబడదు, వినబడుతుంది.

హెలానీ ఏదో అంది. నీరసంగా, గబగబా, రెండు మూడు ముక్కలు. హకీం పేజీలు తిప్పుతున్న చప్పుడు. మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ పేజీలు. ఆమె అన్న మాట ఆ నలభై పేజీల్లో ఎక్కడా లేదని వాకిట్లో ఉన్నవాడికి తెలుసు. గోడ ఉన్నట్టుండి చల్లగా తగిలింది.

అప్పుడు వెర్గాని ఇరవైమూడో పేజీ తీసి, వరుస వరుసా చదివి ఆమెతో ఔననిపిద్దామనుకున్నాడు. వేలు పెట్టి, బట్టీ పట్టిన గంభీరమైన గొంతుతో చదివాడు. "వేదన?"



"వేదన?" రెండో వరుస. "వేదన?" మూడోది.

ఆ మాట హెలానీ జీవితంలో ఒక్కచోటే విన్నది. శ్రమల శుక్రవారం నాడు, చర్చిలో నల్లగుడ్డలు కట్టినప్పుడు, సిలువ ముందు మోకరించి విన్నది. మామూలుగా ఒకరి నోటెంట వచ్చే మాట కాదది. ఫ్రాంకు దాన్నే నాలుగోసారి, అయిదోసారి, నిదానంగా, జపంలా అంటున్నాడు. ఆరోసారికి ఆమెకు అర్థమైంది. తనకి నూకలు చెల్లాయి, ఈయన చావుప్రార్థన మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, పిల్లాణ్ణి ఇలా ఇవ్వు. ఒక్కసారి చూసుకుంటాను" అంది. ఆ తర్వాత ఏడుపు. ఏడో వేదన ఆ ఏడుపులో కలిసిపోయింది.

వాకిట్లో రిజ్కల్లా చెవులు మూసుకున్నాడు. ముత్యాల్లా కుదిరాయని మురిసిన ఏడు మాటలూ ఏడు దెబ్బల్లా తగిలాయి.

వెర్గాని చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. పేజీ తెరిచి చూపించాడు.

"షమ్మాస్ గారూ, ఇది చూడండి. ఈ వరుసకి వేడి గుడ్డ అని రాశాడాయన. ఈ వరుసకి కత్తి, ఆలస్యం చెయ్యొద్దు అని రాశాడు. రెండింటికీ మాట ఒకటే. ఏడింటికీ ఒకటే. మరి దేన్ని బట్టి తెలుసుకోవాలి నేను? పోనీ ఒకసారి చూడనిమ్మంటే మీ మంత్రసాని నన్ను కొట్టేలా ఉంది."

కొట్టేదే. కత్తి అని తేలితే తప్ప దుప్పటికి చిల్లు పెట్టి ఆ చోటు చూడనిచ్చే ఆడది మా పేటలో లేదు.

"ఏం తేలకపోతే చేతి నరం కోసి కాస్త రక్తం తీస్తాను. జ్వరం తగ్గుతుందేమో" అన్నాడు హకీం.

వెనకే వచ్చిన ఉమ్ జబ్బూర్‌కి భాష అర్థం కాకపోయినా, ఆయన మోచేతి మీద గీసి చూపించడం అర్థమైంది. "రక్తం తీస్తాడా? నెల తిరగని బాలింతకి? అందులో ఏం మిగిలిందని తీస్తాడు? ఒరే, అది సాయంత్రానికి ఉండదు."

"పెద్దమ్మా, ఎలాంటి నొప్పో నీకు తెలుసుగా. చెప్పు, నేను ఆయనకి చెప్తాను."

"రాత్రిది తెలుసు. ఇప్పటిది తెలీదు. నొప్పి పూటపూటకీ మారుద్ది, అది అనుభవించేవాళ్ళే చెప్పాలి. నేనడిగితే నోరు విప్పడం లేదు, ప్రార్థన అయిపోయిందనుకుని కళ్ళు మూసుకుంది." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆ పేజీలో నేను చెప్పిన ఏడు మాటలూ ఏమయ్యాయిరా?"

"నేనే తీసేశాను."

ఆమె తిట్టలేదు. తిట్టుంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. "అయితే నువ్వే లోపలికి రా" అంది.

"నేనా? నలభై రోజులు కాలేదు."

"తెలుసు. లెక్క నాకూ వచ్చు. రా."

రిజ్కల్లా గడప దాటాడు.  జీలకర్ర వాసన, పాల వాసన, జ్వరం వాసన. తెరకి వీపు పెట్టి నేలమీద కూర్చున్నాడు, ఎదురుగా పీట మీద హకీం.

"హెలానీ" అన్నాడు.

"బావా, నువ్వెందుకొచ్చావు?" గొంతులో భయం ఇంకా పెరిగింది. మొగుణ్ణి కూడా లోపలికి రానిచ్చారంటే ఇంకేముంది అనుకుంది పాపం.

"నువ్వేం పోవడం లేదు. ఆయన చదివింది ప్రార్థన కాదు, నేను రాసిన పిచ్చిరాత. నొప్పి ఎలా ఉందో చెప్పు."

 ఎనిమిదేళ్ళ కాపురంలో అలాంటి మాట వాళ్ళ మధ్య ఎప్పుడూ రాలేదు. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు, అది మర్యాద అనుకున్నారు ఇద్దరూ.

"పిల్లా" అంది ఉమ్ జబ్బూర్, తెర లోపల ఆమె తల నిమురుతూ. "ఆయన్ని మొగుడనుకోకు, షమ్మాసనుకోకు. హకీం గారి పుస్తకం అనుకో. పుస్తకం దగ్గర సిగ్గేంటి, దానికేమన్నా మీసాలున్నాయా?"

తెర వెనక ఒక ఊపిరి వినిపించింది, ఏడుపుకీ నవ్వుకీ మధ్య.

"రాత్రి లాగేది. ఇప్పుడు లాగడం లేదు బావా. సలుపుతోంది. లోపల ఇంకో గుండె పెట్టినట్టు, అది కొట్టుకుంటున్నట్టు. నా గుండె ఒకసారి కొట్టుకుంటే అది రెండుసార్లు. పిల్లాడు ఏడిస్తే ఇంకా ఎక్కువ."

రిజ్కల్లా హకీం కేసి తిరిగాడు. పాదరీల బడిలో నేర్చిన ఇటాలియన్ పాపాలు ఒప్పుకోవడానికి సరిపోతుంది గానీ సలుపుకి సరిపోదు.  హకీం చెయ్యి పట్టుకుని లాగి, మణికట్టు తన ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. టక్, టక్‌టక్. టక్, టక్‌టక్. ఆగకుండా, గట్టిగా, హెలానీ చెప్పిన లెక్క తప్పకుండా. వెర్గాని ముందు విస్తుపోయాడు. తర్వాత రెండో చేత్తో పేజీ దగ్గరికి లాక్కుని ఇటాలియన్ గడిలో వేలు పోనిచ్చాడు. రెండో వరుస దగ్గర వేలు ఆగింది.

"కత్తి" అన్నాడు.

ఉమ్ జబ్బూర్ దుప్పటికి బొటనవేలంత చిల్లు కత్తిరించి, చోటు చూసి ఆనించింది. రిజ్కల్లా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, బయటికి మాత్రం వెళ్ళలేదు. హెలానీ చెయ్యి తెర కిందినుంచి బయటికొచ్చి అతని అంగీ అంచు పట్టుకుంది. ఆమె కేక వేసినప్పుడు ఆ బట్ట చిరిగింది. తర్వాత ఇత్తడి పళ్ళెంలో ఏదో పడిన చప్పుడైంది. మంత్రసాని "పోయింది, దరిద్రం పోయింది" అంటూ దేవుణ్ణీ హకీమునీ ఒకే గుక్కలో దీవించింది.

జ్వరం మూడో రోజుకి దిగింది. నాలుగో రోజున వెర్గాని కట్టు చూసి, వెళ్ళేటప్పుడు పట్టీ రిజ్కల్లా చేతికిచ్చాడు.

"ఇది నేను మార్చాను" అన్నాడు రిజ్కల్లా, అడక్కముందే. "ఆయన వేరేలా రాసిచ్చాడు."

"ఎందుకు మార్చారు?"

"అందంగా ఉంటుందని."

కుర్రవాడు అతని చేతిలోని పేజీ కేసి చూశాడు. "అందంగానే ఉంది. నాకు వాళ్ళన్న మాట కావాలి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రిజ్కల్లా ఉమ్ జబ్బూర్ వాకిట్లో కూర్చుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఆమె పిస్తా కాయలు ఒలుస్తూ చెప్పింది, అతను రాశాడు. కలం మాటిమాటికీ పాత దారి పట్టేది. 'కటి' అని రాయబోయి కొట్టేసి 'నడుం' అని రాసేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతని కాగితం మీద కొట్టివేతలు పడడం అదే మొదలు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. రెండు రోజుల్లో ఇరవైమూడో పేజీ దాకా వచ్చారు.

"నొప్పులు నన్నడక్కు" అంది ఆమె, పెంకులు చెరుగుతూ. "నావి నలభై ఏళ్ళ కిందటివి, వాసన పోయినవి. ఇంట్లో తాజావి పెట్టుకుని ఇక్కడికొస్తావేం?"

ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చాప వేసుకున్నాడు. తలుపు తీసే ఉంది, తెర వేసుంది. పిల్లాడు పాలు తాగుతున్న చప్పుడు.

"హెలానీ, మొన్న నువ్వు చెప్పావే, అది మళ్ళీ చెప్తావా? రాసుకుంటాను."

"నేనన్నదా? కాగితం మీదా?"

"అవును."

"ఎవరైనా చదివితే?"

"హకీం ఒక్కడే. ఆయన కుర్చీ కదా."

ఆమె కిసుక్కుమంది. కాసేపు ఆలోచించుకుని, మాట తర్వాత మాట, అతని కలం కోసం ఆగుతూ చెప్పింది. అతను గడిలో పట్టనిదంతా అంచుల్లో రాశాడు. అరబ్బీ అక్షరాలు ఆ మాటలకి అలవాటు లేక కొత్త బూట్లు వేసుకున్నవాళ్ళలా తడబడ్డాయి. ఒక చోట ఏ అక్షరం పెట్టాలో తోచక ఆమెను మూడుసార్లు పలికించుకున్నాడు.

"ఏం రాశావో చదువు" అంది.

అతను సువార్త గొంతు ఎత్తబోయి, ఆపి, మామూలుగా చదివాడు. "ఇప్పుడు లాగడం లేదు బావా. సలుపుతోంది. లోపల ఇంకో గుండె పెట్టినట్టు, అది కొట్టుకుంటున్నట్టు."

"బావా అని కూడా రాశావా?"

"నువ్వన్నావుగా."

 చదువంటే చర్చిలో వినేదే ఆమెకి. తన పేరు కూడా కాగితం మీద చూసి ఎరగదు, చూసినా చదవలేదు. అలాంటిది తన గొంతే, తన ఊపిరితో సహా, అవతలి మనిషి చేతిలోని కాగితంలోంచి వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఇంకోసారి చదువు."

చదివాడు.

"నువ్వు మూసేశాక కూడా అది అందులో ఉంటుందా?"

"ఉంటుంది."

హెలానీ పిల్లాణ్ణి భుజం మీద వేసుకుని వీపు నిమిరింది. వాడు తేన్చాడు. ఆమె చెయ్యి చాపి తెరను జానెడు పక్కకి లాగింది. నెల దాటాక అతనికి ఆమె మొహం కనబడింది, పాలిపోయి, కళ్ళు మాత్రం తేటగా.

"అయితే కూర్చో" అంది. "మొదటి పిల్ల పుట్టిన రోజూ, పోయిన రోజూ నువ్వు అలెగ్జాండ్రెట్టా రేవులో ఉన్నావు. వచ్చాక నువ్వడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, రాసుకో."

రిజ్కల్లా హకీం పట్టీ మూసి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు.